మేడిపల్లిలో కాగని నీళ్లు

2022 ఎండాకాలం. సోలార్ వాటర్ హీటర్లు బిగించే పనిలో నాకు అప్పటికి పదకొండేళ్లు నిండాయి. పుట్టింది సిరిసిల్లలో, పని పట్టుకుని స్థిరపడింది కోరుట్లలో. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా ఏ ఊళ్లో మిద్దె మీద గాజు గొట్టాలు మెరిసినా, అది నేను బిగించిందా ఇంకొకరిదా అని బస్సులోంచే చెప్పేసేవాణ్ని. నా పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని ఒక పొగరు కూడా ఉండేది. ఆ పొగరు దిగింది మేడిపల్లిలో, నర్సయ్య కాక ఇంట్లో.

నర్సయ్య కాక కల్లుగీత మనిషి. ముప్పై ఏళ్లు తాళ్లెక్కాడు. మా దగ్గర తాటిచెట్టును తాడు అంటారు, చెట్లయితే తాళ్లు. రెండేళ్ల కిందట వానాకాలంలో తాడు మీంచి పడి నడుము విరిగింది. ప్రాణం దక్కింది కానీ కాళ్లలో బలం పోయింది. పొద్దున, సాయంత్రం వేడినీళ్లు పోయకపోతే కాళ్లు బిగుసుకుపోతాయని జగిత్యాల డాక్టరు చెప్పాడట. ఆయన భార్య రాజవ్వ చిన్నమ్మ రెండు పూటలా వాకిట్లో కట్టెల పొయ్యి మీద గుండిగ నిండా నీళ్లు కాచి, బాత్రూం దాకా మోసుకెళ్లేది. ముందటి చలికాలంలో గుండిగ చేయి జారి మరిగే నీళ్లు ఆమె పాదం మీద పడ్డాయి. చర్మం ఊడివచ్చింది. మూడు నెలలు కుంటుతూనే నీళ్లు మోసింది.

నాకు ఫోన్ చేసింది వాళ్ల కూతురు లావణ్య. కోరుట్లలో బట్టల షాపులో పని చేస్తుంది. ధర ఎంత, కంపెనీ ఏది అని అందరూ అడిగేవి ఏవీ అడగలేదు.

"మా అమ్మ కాలు మీద ఇంకోసారి నీళ్లు వడొద్దన్నా. నాకు గంతే గావాలె" అంది.

మే నెలలో నేనూ, నా జోడీదారు రఫీ వెళ్లాం. రఫీ నాకంటే రెండేళ్లు పెద్ద, పైపుల పనిలో మంచి చేయి. ఇంటి ముందు భాగం మాత్రమే స్లాబు, వెనకంతా పెంకులు. వాకిలి దాటితే దక్షిణాన చిన్న బాత్రూం, దాని పక్కనే పొలం గట్టు, గట్టు మీద వరుసగా ఏడు తాళ్లు. స్లాబు మీద వెనకవైపు, ఖాళీగా ఉన్న చోటు చూసి స్టాండు నిలబెట్టాం.

కాక అరుగు మీద మంచంలో పడుకుని అన్నీ గమనిస్తున్నాడు. పైనుంచి దిగినప్పుడల్లా ఒక ప్రశ్న వేసేవాడు. మొదటిది అందరూ అడిగేదే.

"దీనికి మోటరుంటదా?"

"ఉండది కాకా."

"మరి నీళ్లు గొట్టంల నుంచి టాంకిలకు ఎట్లెక్కుతయ్?"

నాకిష్టమైన ప్రశ్న అది. సోలార్ హీటరులో మూడే ముఖ్యం. ఒకటి కలెక్టర్, అంటే ఎండను పట్టే భాగం. మేం బిగించినది గాజు గొట్టాలది. ఒక్కో గొట్టం నిజానికి గొట్టంలో గొట్టం. రెండింటి మధ్య గాలి తీసేసి ఉంటుంది, లోపలి దానికి నల్లటి పూత ఉంటుంది. పూత ఎండను తాగుతుంది, గాలి లేదు కాబట్టి ఆ వేడి బయటికి పోలేదు. రెండోది టాంకు. లోపల స్టీలు, చుట్టూ మందంగా పఫ్ అనే నురుగు పొర. సాయంత్రం కాగిన నీళ్లు తెల్లారేదాకా వేడిగా ఉండేది దాని పుణ్యమే. మూడోది, వీటికంటే ఎత్తులో ఉండే చన్నీళ్ల టాంకు. పైనుంచి చన్నీళ్లు దిగితేనే వేడినీళ్లు నల్లాలోకి వస్తాయి. ఇవి కాక ఆవిరి పోవడానికి ఎయిర్ వెంట్ అని పైకి తెరిచి ఉంచిన సన్నటి పైపు ఒకటి ఉంటుంది. దాన్ని మూస్తే టాంకు పగులుతుంది.

"కాగిన నీళ్లు తేలికైతయ్ కాకా. తేలికైనయి పైకెక్కుతయ్, బరువున్న సల్లనీళ్లు కిందికి దిగుతయ్. ఎవ్వలు తోల్కపోయే పని లేదు. దీన్ని థర్మోసైఫన్ అంటరు."

కాక నవ్వాడు. "దానంతట అదే ఎక్కుతదా? అదృష్టం దానిది" అన్నాడు.

ఆ మాట అప్పుడు నా చెవిన పడింది కానీ లోపలికి పోలేదు. పని తొందర. ఇంకాసేపటికి మళ్లీ పిలిచాడు.

"నీడ చూస్కున్నవా కొడుకా?"

"పొద్దు నెత్తి మీదున్నది గద కాకా. నీడ ఏడున్నది?" అన్నాను.

ఆ తర్వాత నేను దిగి వచ్చిన ప్రతిసారీ ఆయన ఇంకో మాట అడిగాడు. "పైనుంచి ఏం గనవడ్తంది?" నాకు విసుగొచ్చింది. "ఏముంటయ్ కాకా, పొలాలు, తాళ్లు" అనేసి స్పానర్ తీసుకుని మళ్లీ మెట్లెక్కాను. ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

పని అయ్యాక రాజవ్వ చిన్నమ్మకు రెండు జాగ్రత్తలు చెప్పాను. బకెట్టులో ముందు చన్నీళ్లు పోసి తర్వాతే వేడినీళ్లు వదలాలి, ఎందుకంటే ఇవి ఒళ్లు కాలేంత వేడెక్కుతాయి. కాక మీద పోసే ముందు మోచేయి పెట్టి చూడాలి. పన్నెండు నెలలూ పొయ్యి మొహం చూడక్కర్లేదని హామీ కూడా ఇచ్చాను. ఎవరూ అడగకుండానే ఇచ్చాను.

డిసెంబరులో చిన్నమ్మ ఫోన్ చేసింది. "నీళ్లు కాగుతలేవు తమ్మీ. గోరువెచ్చగ సుత లేవు."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, జగిత్యాల పోతూ దారిలో ఆగాను. గొట్టాల అడుగున వెండి రంగు పూత ఉంటుంది. గొట్టం పగిలి గాలి దూరితే అది తెల్లబడుతుంది. అన్నీ వెండిలాగే మెరుస్తున్నాయి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అది పేరుకుందేమో అని రెండు గొట్టాలు ఊడదీసి చూశాను. ఏడు నెలలకు ఎంత పేరుకుంటుంది? అయినా కడిగి బిగించాను. ఎండ చక్కగా పడుతోంది. "ఇగ కాగుతయ్" అని చెప్పి వెళ్లిపోయాను.

కాగలేదు. వారం తర్వాత జగిత్యాల నుంచి తిరిగి వస్తూ సాయంత్రం ఆగి, మూడు గొట్టాలు మార్చాను. ఎందుకు మార్చానో నాకే తెలియదు. ఏదో ఒకటి చేయకపోతే ముఖం చెల్లదు కదా. దిగి వచ్చేసరికి వాకిట్లో కట్టెల పొయ్యి మళ్లీ వెలిగి ఉంది. చిన్నమ్మ గుండిగ ఎత్తుతోంది, మచ్చపడిన పాదం నేల మీద సరిగ్గా ఆనడం లేదు. నేను సాయం పడతానంటే వద్దంది.

"నువ్వు రోజొస్తవా తమ్మీ?" అంది. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

మంచంలోంచి కాక అన్నాడు, "నువ్వు పొద్దుగాలన్న అస్తవ్, లేకుంటె పొద్దూకినంకన్న అస్తవ్. పగటిపూట అచ్చి సూడు."

రెండు రోజులకు రఫీతో కలిసి పన్నెండింటికి వెళ్లాను. మెట్లెక్కి స్లాబు మీద కాలు పెట్టగానే నాకు తల తీసేసినట్టయింది. గొట్టాల మీద, టాంకు మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా తాటాకుల నీడ. ఏడు తాళ్ల తలలూ ఒకదానికొకటి ఆనుకుని, ఆ నీడ చాప పరిచినట్టుంది. చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలి నడుస్తుంది. ఇది బడిపిల్లలకు కూడా తెలుసు. మే నెలలో నెత్తి మీద ఉన్న పొద్దును చూసి డిసెంబరు నీడను లెక్కలోకి తీసుకోకపోవడం నా తప్పు. ఎండ పనిచేసే గంటలన్నీ నీడకే పోతున్నాయి. నేను చూడటానికి వచ్చిన వేళల్లో ఆ నీడ మరో పక్కకు తప్పుకుని ఉంటోంది.

దిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. చిన్నమ్మ లావణ్యకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది.

"ఆ తాళ్లు కొట్టిద్దాం. ఆబ్కారోళ్ల పర్మిషన్ నేనే తెస్త. నాయిన ఇగ ఎక్కేది లేదు గద, ఎందుకవి?" అంది లావణ్య. వెంటనే తన మాట తనకే వినిపించినట్టుంది, ఆగిపోయింది.

కాక మంచంలోంచి తాళ్ల వైపు చూస్తున్నాడు. ఆ ఏడింటికీ ఆయన దగ్గర పేర్లున్నాయని అంతకుముందే చిన్నమ్మ నాకు చెప్పింది. తల ఫోన్ వైపు తిప్పాడు.

"కొట్టుండ్రి. నా కాళ్ల కోసమని మీ అమ్మ కాళ్లు కాలొద్దు."

"మీకేం, కొట్టుమంటరు" అంది చిన్నమ్మ. ఫోన్‌లో కూతురికి చెబుతోందో భర్తకు చెబుతోందో తెలియలేదు. "అవ్వి లేకుంటె గీ మనిషి పొద్దంత దేన్ని సూస్కుంట బతుకుతడు? నేను మోస్త తీయ్ నీళ్లు. ఇన్నొద్దులు మొయ్యలేదా?"

తాళ్లు కొడితే ఆయనకు నష్టం, కొట్టకపోతే ఆమెకు. తప్పు చేసినవాణ్ని నేను. సోలారును ఇంకా వెనక్కి, నీడ దాటించి జరుపుదామంటే వెనకంతా పెంకులు, నీళ్లు నిండిన టాంకు బరువు ఆపవు. అదే చెప్పాను. నా దగ్గర ఉపాయం లేదని కూడా చెప్పాను. పదకొండేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

కాక నా ముఖంలోకి చూశాడు.

"నన్ను పైకి తీస్కపో. యాడ పెట్టాల్నో నేను సూపెడ్త."

"నీకేమన్న పిచ్చా?" అంది చిన్నమ్మ. "మల్ల వడితె?"

"కుర్చిల కూసోవెట్టి కట్టుండ్రి. తిర్పతిని పిలువు, ఆనికి కట్టుడెర్క."

తిరుపతి అంటే ఇప్పుడా తాళ్లు గీస్తున్న ముప్పై ఏళ్ల మనిషి, కాక దగ్గరే పని నేర్చుకున్నాడు. ఫోన్ చేయగానే అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. గోడకు మేకుకు వేలాడుతున్న కాక మోకును తీశాడు. మోకు అంటే తాడెక్కేటప్పుడు చెట్టుకూ నడుముకూ చుట్టి వేసుకునే మందపాటి పట్టీ. రెండేళ్లుగా దుమ్ము పట్టి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కాకను కూర్చోబెట్టి, దాన్ని నడుము చుట్టూ, కుర్చీ వెనక్కి తిప్పి బిగించాడు. "గట్ల గాదురా, కింది నుంచి తియ్యి" అని కాక దగ్గరుండి ముడి మార్పించాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నలుగురు మోస్తె ఏడువాలె. గీడ ముగ్గురే ఉన్నరు, భయపడకు" అన్నాడామెతో.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రఫీ, తిరుపతి చెరోవైపు పట్టుకున్నారు, నేను వెనక కుర్చీ కాళ్లు పట్టుకున్నాను. మెట్లకు రెయిలింగు లేదు. ఒక్కో మెట్టుకూ ఆగుతూ పద్నాలుగు మెట్లు ఎక్కాం. చివరి మెట్టు దగ్గర కాక చేయి పిట్టగోడను అందుకుంది, కాసేపు వదల్లేదు.

పైన కుర్చీ దించాక ఆయన సోలారు వైపు చూడనే లేదు. తల నిదానంగా తిప్పుతూ నాలుగు దిక్కులూ చూశాడు. కాలువ పక్క తాళ్లు, అవతలి పసుపు చేన్లు, చెరువు కట్ట. కల్లు కుండ లేని ఒక తాడు వైపు వేలు చూపించి, "దానికి లొట్టి సుత కట్టలేదేందిరా?" అని తిరుపతిని అడిగాడు. ఎండిపోయింది మామా అన్నాడు తిరుపతి. "నేనుంటె ఎండకపోవు" అన్నాడు. కళ్లనిండా నీళ్లున్నాయి. తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. మేం ముగ్గురం ఏదో పని ఉన్నట్టు పైపులు చూస్తూ నిలబడ్డాం.

కాసేపటికి నన్ను పిలిచాడు. "గా బాత్రూం మీద పెట్టు."

బాత్రూం స్లాబు తాళ్లకు నాలుగడుగులు వేస్తే అందేంత దగ్గర. "అది చెట్ల కాడనే ఉన్నది గద కాకా. ఇంకింత నీడ వడ్తది" అన్నాను.

"నీకు పని వచ్చు గని తాడు సంగతి రాదు. సలికాలం తాడు నీడ తాడు మొదట్ల వడది. పొద్దు వంగి నడుస్తది గాబట్టి తలకాయ నీడ దూరంగ అచ్చి గీడ వడ్తది. మొదట్ల ఎండ కొడ్తది. తాడు దిగినంక సలికి ఆ మొదట్లనే కూసుండి ఎండ కాగేటోళ్లం."

చూశాను. ఆయన చెప్పినట్టే ఉంది. ఆకుల నీడంతా బాత్రూం మీదుగా దూకి వచ్చి నా సోలారు మీద పరుచుకుంది. బాత్రూం మీద మాత్రం ఎండ ఫెళ్లున కాస్తోంది, సన్నటి మాను నీడలు రెండు తప్ప ఏమీ లేదు. అవి పొద్దుతో పాటు జరిగిపోయేవే. మరి మార్చిలో, సెప్టెంబరులో అక్కడ నీడ పడదా అని అడిగాను. "ఒక జాము వడ్తది. అప్పటి ఎండకు ఒక జాము పోతె ఏమైతది?" అన్నాడు. ఇంకో లాభం కూడా అప్పుడే నాకు తట్టింది. బాత్రూం స్లాబు ఇంటి స్లాబు కంటే కిందుంది కనుక ఇంటి మీదున్న చన్నీళ్ల టాంకు దానంతట అదే ఎత్తులో ఉన్నట్టే. వేడినీళ్ల పైపు ముప్పై అడుగుల నుంచి ఆరడుగులకు తగ్గుతుంది. పైపు ఎంత పొట్టిదైతే నీళ్లు దారిలో అంత తక్కువ చల్లారతాయి.

"దించుదామా కాకా?"

"మీ పని మీరు చేస్కోండ్రి. నేను ఉంట."

ఉన్నాడు. మేం సోలారు విప్పి, దించి, బాత్రూం మీద నిలబెట్టి, పైపులు కలిపేదాకా అక్కడే ఉన్నాడు. చిన్నమ్మ అన్నం పైకే తీసుకొచ్చి, పక్కన కూర్చుని తినిపించింది. పొద్దు వాలుతుండగా తిరుపతి తాడెక్కాడు. కాక మిద్దె మీంచి కేకేస్తున్నాడు, కత్తి లోతుకు పెట్టకు, ఎడమ గెలకు పెట్టు అని. పైనుంచి తిరుపతి సరే మామా, సరే మామా అంటున్నాడు. చీకటి పడ్డాక దించాం.

మర్నాడు సాయంత్రం చిన్నమ్మ ఫోన్ చేసింది. నీళ్లు పొగలు కక్కుతున్నాయంది. కట్టెల పొయ్యి రాళ్లు తీసేసి వాకిలి అలికానంది. ఇంకేదో చెప్పబోయి, "నీ కడుపు సల్లగుండ" అని పెట్టేసింది.

ఆ తర్వాత కొన్ని రోజులకు గానీ నాకు అసలు సంగతి వెలగలేదు. కాక మంచం అరుగు మీద ఉంది. అక్కణ్నుంచి బాత్రూం కనిపిస్తుంది, తాళ్లు కనిపిస్తాయి, ఏ నీడ ఎక్కడ పడుతుందో పొద్దంతా కనిపిస్తూనే ఉంటుంది. బాత్రూం మీద పెట్టమనే మాట ఆయన మంచంలోంచే చెప్పవచ్చు. పైకి ఎక్కాల్సిన పని లేదు. రోజుకు పదిహేను తాళ్లు ఎక్కి దిగిన మనిషి, నన్నొకసారి పైకి ఎత్తుకుపోండని ఎవరినీ ఊరికే అడగలేకపోయాడు. రెండేళ్లు ఓర్చుకున్నాడు. తన అవసరం ఉన్న పని దొరికాక అడిగాడు.

మా నాయిన సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. చేతి మగ్గం అమ్మేశాక పవర్‌లూమ్ మీద కొన్నాళ్లు చేసి, చూపు తగ్గి మానేశాడు. చివరి రోజుల్లో ఒకసారి, వెనక వీధిలో ఎవరి ఇంట్లోనో పాత మగ్గం ఇంకా ఆడుతోందట, ఒక్కసారి తీసుకుపో అన్నాడు. "ఇప్పుడు గదంత ఎందుకు నాయినా, పండుకో" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఇప్పుడు అడిగితే బాగుండు అనిపిస్తుంది, ఆ మగ్గం ఎక్కడున్నా భుజాల మీద మోసుకుపోతాను. అడిగే మనిషి లేడు.

ఇప్పుడు ఎక్కడ సోలారు బిగించినా టేపు తీయక ముందు ఆ ఇంట్లో పొద్దంతా ఉండే మనిషి ఎవరో కనుక్కుంటాను. ముసలమ్మ కావచ్చు, మంచంలో ఉన్నవాళ్లు కావచ్చు. చలికాలంలో నీడ ఎక్కడ పడుతుందో అడుగుతాను. తెలిసినా అడుగుతాను, వాళ్లు చెప్పేదాకా కూర్చుంటాను. ఆ ఇంట్లో నేను నేర్చుకున్నది అదే.

మేడిపల్లి నుంచి మాత్రం ఏటా చలికాలంలో ఒక కంప్లయింట్ వస్తూనే ఉంది. మొన్న డిసెంబరులో కూడా కాకే ఫోన్ చేశాడు. "నీళ్లు కాగుతలేవు కొడుకా." రఫీని తీసుకుని వెళ్లాను, తిరుపతికి దారిలోంచే ఫోన్ చేశాను. బాత్రూంలో నల్లా తిప్పి చేయి పెట్టి, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. గుమ్మంలో రాజవ్వ చిన్నమ్మ నిలబడి చూస్తోంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నవ్వు ఆపుకుంటూ తల పక్కకు తిప్పుకుంది.

అరుగు దగ్గరికి వెళ్లి, "ఏందో సమజైతలేదు కాకా. కింది నుంచి తెలుస్తలేదు. జర నువ్వు పైకి రావాలె" అన్నాను.

"నేను లేకుంటె మీతోని ఒక్క పని గాదు గదరా" అని విసుక్కుంటూ, ఎత్తుకోవడానికి రెండు చేతులూ చాచాడు.